మెత్తని యిసుకలో మోటారు బండి: టైర్ల యెంపికయు, నడుపు విధమును

గడచిన సభ్యుల సమావేశమున మన సంఘపు నాలుగు చక్రముల బండికి క్రొత్త టైర్లు కొనవలెనను విషయము చర్చకు వచ్చినది. సముద్రపు టొడ్డున నున్న సరుగుడు తోటలకును, వేరుసెనగ చేలకును పోవలసిన బండి గనుక, ట్రాక్టరు టైర్లకువలె పెద్ద పెద్ద గుబ్బలు గల టైర్లనే వేయింపవలెనని పలువురు పట్టుపట్టిరి. గుబ్బ యెంత లోతైన పట్టు అంత గట్టిదని వారి వాదము. వినుట కిది సమంజసముగనే యున్నది. దమ్ముచేసిన వరిమడిలో జీవితమంతయు గడపినవారికి మఱియొక విధముగ తోచుటయే యరుదు. కాని యిసుక విషయమున ఈ వాదము తలక్రిందులగును. కొనబోవునది సభ్యుల సొమ్ముతో గనుక, తీర్మానము తిరిగి సమావేశమునకు వచ్చులోపల నాకు తెలిసిన సంగతులను సభ్యుల ముందుంచుచున్నాను.

మొదట పుష్యమాసములో జరిగినదానిని చెప్పెదను. ఆనాడు నేనును బండిలో నుంటిని. వేరుసెనగ విత్తనపు బస్తాలు వేసికొని తోటలకు పోవుచుంటిమి. కాలువకట్ట బాట తెగియుండుటచే ఒడ్డువెంట పోక తప్పినది కాదు. గట్టిగా నున్న తడియిసుకపై రెండు మైళ్లు సుఖముగ సాగితిమి. పిదప తోటవైపు మలుపు తిరిగి పొడియిసుకలోనికి ఎక్కగానే బండి మందగించినది. మా డ్రైవరు వయసులో నున్న కుఱ్ఱవాడు, చుఱుకైనవాడే. బండి ఆగునేమో యని భయపడి గట్టిగా త్రొక్కెను. చక్రములు గిఱ్ఱున తిరిగెను, ఇసుక వెనుకకు చిమ్మెను, బండి మాత్రము ముందునకు పోలేదు. క్రిందికి పోయినది. నిమిషములోపల ఇరుసులు ఇసుకకు తగిలినవి. వెనుక పోటు ఎక్కుచున్నది. ఆనాడు పౌర్ణమి.

బస్తాలు దింపి మోసితిమి. త్రవ్వితిమి. త్రోసితిమి. అతడు మరల త్రొక్కెను, బండి మరల దిగెను. అంతలో వలలు బాగుచేసికొనుచున్న పెద్దవా డొకడు లేచివచ్చి, “అబ్బాయీ, తొక్కమాకు! తొక్కేకొద్దీ దిగబడుద్ది. ముందు గాలి తియ్యి,” అనెను. “గాలి తీస్తే ఇంటి కెట్టా పోవాల బాబాయ్?” అని డ్రైవరు అడుగగా, “ముందు సముద్రానికి దొరక్కుండా పో. ఇంటి సంగతి తర్వాత,” అని ఆయనయే ఒక పుల్లతో వాల్వు నొక్కి గాలి వదలసాగెను. నాలుగు టైర్లును బాగుగ చప్పిడిపడిన తరువాత, చక్రముల ముందు కొబ్బరిమట్టలు పఱపించి, మెల్లగా నడుపుమనెను. పదిమందిమి చేయివేసితిమి. బండి లేచి వచ్చినది. మేము నిలిచిన తావునకు నీరు వచ్చుటకు అరగంట పట్టలేదు. రెండు బస్తాల విత్తనము తడిసినది. అంతటితో పోయినది గాని, బండియే పోవలసినది.

గాలి తీసినంతమాత్రమున బండి ఏల కదలినది? ఇది మంత్రము గాదు, చిన్న లెక్క. పొడియిసుకలో రేణువునకు రేణువుతో బంధము లేదు. పైన బరువు పడినప్పుడు అవి ప్రక్కలకు జరిగి బరువునకు దారి యిచ్చును. ఆ బరువు ఎంత స్థలముపై పడుచున్నదనునదే ఇక్కడ ముఖ్యము. ఎద్దుడెక్క యిసుకలో దిగును. ఒంటె పాదము దిగదు. ఒంటె ఎద్దుకంటె తేలికయైనది గాదు, దాని పాదము వెడల్పై, మెత్తనై, త్రొక్కినప్పుడు విచ్చుకొనును. ఇనుపపట్టా చక్రముల పాతబండి యిసుకలో కత్తివలె దిగుటయు, టైరుబండి అదే బరువుతో తేలిపోవుటయు మన రైతులు కన్నులార చూచినదే.

ఇక మోటారు బండి లెక్క చూడుడు. సరకుతో కలిపి బండి బరువు 2,000 కిలోలనుకొందము. అనగా సుమారు 4,400 పౌండ్లు. చక్రమొక్కింటికి 1,100 పౌండ్లు. టైరులో చదరపంగుళమునకు 35 పౌండ్ల గాలి యున్నచో, ఆ బరువును మోయుటకు టైరు సుమారు 31 చదరపంగుళముల మేర నేలకు తగిలియుండవలెను. గాలిని 16 పౌండ్లకు దింపినచో ఆ మేర దాదాపు 69 చదరపంగుళములగును. బండి బరువు తగ్గలేదు, టైరు మారలేదు. అడుగుమాత్రము రెట్టింపునకు మించినది. టైరు ప్రక్కల బిగువు కొంత బరువును మోయును గాన ఈ లెక్క అణువణువునకు సరిపోదు గాని, ప్రయోజనమునకు చాలును.

ఇందొక విశేషమున్నది. గాలి తీసినప్పుడు టైరు ప్రక్కలకు ఉబ్బినట్లు కంటికి కనబడును గాన, వెడల్పగుటచేతనే పని జరిగినదని తలతుము. నిజమునకు అడుగు వెడల్పు పెరుగుట స్వల్పము, పొడవు పెరుగుట అధికము. పొడవైన అడుగు తన ముందున్న యిసుకను గుట్టగా నెట్టక, దానిపైకి ఎక్కి, అదిమి, బాట చేసికొనిపోవును. కావున మిక్కిలి వెడల్పైన టైర్లకు అధికధనము పోయుట కంటె, ప్రక్కలు ఎత్తుగానుండి చక్కగా వంగు టైరును ఎన్నుకొనుట మేలు.

గుబ్బల సంగతి ఇప్పుడు చెప్పవచ్చును. వరిమడిలో బురద క్రింద గట్టిపొర యొకటి యుండును. ఏండ్లతరబడి నాగలియు, దమ్మును, పశువుల త్రొక్కుడును చేసిన పొర యది. ట్రాక్టరు గుబ్బలు గాని, దమ్ముచక్రములు గాని బురదను చీల్చుకొని ఆ పొరను పట్టుకొని బండిని ముందునకు త్రోయును. అక్కడ దిగుటయే లాభము. ఒడ్డున పొడియిసుక క్రింద అందుకొనదగిన గట్టిపొర చక్రమున కందదు. గుబ్బ చీల్చినకొలది క్రింద మఱింత యిసుకయే. కాబట్టి లోతైన గుబ్బల టైరు ఇసుకలో పారవలె పనిచేయును. తన గోతిని తానే త్రవ్వుకొనును. బురదలో తెడ్డు కావలెను, ఇసుకలో పడవ కావలెను. సగము అరిగిన నున్నటి టైర్లే పొడియిసుకలో క్రొత్త గుబ్బటైర్లకంటె బాగుగ తేలుట అనుభవజ్ఞులు ఎఱిగినదే. అట్లని గుండు టైర్లతో బండి నడుపుడని నేను చెప్పుటలేదు. వానలో తారురోడ్డుపై అవి ప్రాణాపాయకరములు. మన బండి నెలలో ఇరువది దినములు తారురోడ్డుపైననే గదా తిరుగునది.

అందుచేత మనకు తగినది మధ్యరకపు టైరు. రోడ్డునకును, మట్టిబాటకును పనికివచ్చునట్లు చేసిన సామాన్యపు గాడుల రేడియల్ టైరు చాలును. రేడియల్ టైరు ప్రక్కలు మెత్తగా వంగును గాన గాలి తగ్గించినప్పుడు అడుగు చక్కగా సాగును. బండి చేసినవారు నిర్ణయించిన కొలతను మీఱరాదు. మోయు బరువును తెలుపు అంకె టైరుపై అచ్చువేసి యుండును. సరకుబండికి దానిని తప్పక చూడవలెను. మఱియొక ముఖ్యవిషయము: నాలుగు చక్రములకును ఇంజను బలము చేరు బండికి నాలుగు టైర్లును ఒకే కొలతవియు, ఇంచుమించు ఒకే అరుగుదల గలవియు నుండవలెను. పొదుపని ముందు రెండు పాతవి, వెనుక రెండు వేఱు కొలతవి వేసినచో చక్రముల చుట్టుకొలతలు భేదించి, లోపలి పండ్లచక్రములు ఒకదానితో నొకటి పెనుగులాడి చెడిపోవును. టైరులో మిగిల్చిన రూపాయి గేరుపెట్టెలో పదిరెట్లు ఖర్చగును.

ఈ గాలి తగ్గించు విద్యను ఎడారిలో సాధించి చూపినవారిలో రాల్ఫ్ బాగ్నాల్డ్ అను ఆంగ్లసేనాధికారి ముఖ్యుడు. 1896లో జన్మించిన ఇతడు 1920 తరువాతి దశాబ్దములో ఈజిప్టునందు ఉద్యోగము చేయుచు, సెలవుదినములలో మిత్రులతో కూడి ఫోర్డు కార్లలో లిబియా యెడారికి పోవుచుండెను. పిదప మన దేశపు వాయవ్య సరిహద్దునకు బదిలీయైనను, సెలవు పెట్టి మరల ఆ యిసుకకే పోయెను! ఒంటెలకే దుర్గమమని పేరొందిన మహా యిసుకసముద్రమును ఆ చిన్న కార్లతో దాటెను. ఆ కార్లకు వెనుక రెండు చక్రములకే బలము; నాలుగింటికి లేదు. ఆయన సాధనములు మూడు: గాలి తగ్గించిన టైర్లు, చక్రముల క్రింద వేయు ఇనుపకమ్మెలు, ఇసుకను చూచి గట్టిదో మెత్తదో పోల్చుకొను కన్ను. 1940లో ఆయన స్థాపించిన ఎడారి దళము ఈ పద్ధతులతోనే శత్రువుల వెనుకకు వందలమైళ్లు చొచ్చుకొనిపోయినది. గాలికి ఇసుక ఎట్లు కదలును, దిబ్బ ఎట్లు ఏర్పడును అను విషయముపై 1941లో ఆయన ప్రకటించిన గ్రంథము శాస్త్రజ్ఞులకు నేటికిని ఆధారము. రెండు చక్రముల బలముతో ఆయన అంత దూరము పోగా, నాలుగు చక్రముల బలముండియు మేము తోటమలుపున నిలిచిపోయితిమి. లోపము బండిలో లేదని దీనివలననే తేలుచున్నది.

ఎంత గాలి యుంచవలెను? అన్ని బండ్లకును ఒక్క అంకె చెప్పరాదు. తేలికసరకుతో నున్న జీపువంటి బండికి రోడ్డుపై 30 మొదలు 35 పౌండ్లు ఉన్నచో, ఇసుకలో దిగుటకు ముందు 20కి దింపి చూడవలెను. బండి ఇంకను ఈడ్చుచున్నట్లు తోచినచో 16కి దింపవచ్చును. దిగబడిన బండిని పైకి తీయుటకు మాత్రము 12 వఱకు పోవచ్చునుగాని, అప్పుడు నడకవేగమునకు మించరాదు, మలుపు త్రిప్పరాదు. త్రిప్పిన టైరు రిమ్మునుండి ఊడివచ్చును. బస్తాలు నిండిన బండికి ఈ అంకెలు పనికిరావు. రోడ్డుపై వెనుకటైర్లలో 50 పౌండ్లు పట్టు సరకుబండిని 16కి దింపినచో టైరు ప్రక్కలు నలిగి చీలిపోవును. అట్టి బండికి సగమునకు దింపి చూచి, చాలనిచో సరకునే తగ్గించుట న్యాయము. పుష్యమాసమున మేము చేసిన తప్పులలో అదియు నొకటి. రెండు పర్యాయములుగా మోయవలసిన విత్తనమును ఒక్కసారే వేసితిమి.

గాలి తగ్గిన టైరుతో వేగము పనికిరాదు. గంటకు 30, 40 కిలోమీటర్లకు మించినచో టైరు వేడెక్కి లోపలి పొరలు విడిపోవును. తారురోడ్డు చేరగానే ఆగి మరల గాలి నింపిన తరువాతనే ముందునకు పోవలెను. “ఊరు దగ్గఱనే గదా, అక్కడ నింపుకొందము” అనుట డ్రైవర్ల అలవాటు. మంచి టైర్లు పాడగుట ఇట్లే. బండి బ్యాటరీతో నడచు చిన్న గాలిపంపు నేడు ఎల్లెడల దొరకుచున్నది. దానితోపాటు గాలి కొలుచు మీటరొకటి యుండవలెను. కాలితో తన్ని చూచి గాలి చెప్పువారు ప్రతి యూరను గలరు. వారి మాట నమ్మరాదు.

నడుపు విధమునకు వత్తము. ఇసుక మొదలగుటకు ముందే ఆగి, గాలి తగ్గించి, నాలుగు చక్రములకును బలము చేరునట్లు మీట వేయవలెను. దిగబడిన తరువాత వేయుట ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుట వంటిది. తారురోడ్డుపై మరల ఆ మీటను తీసివేయుట మఱువరాదు. ఇసుకలో నడక ఒకే తీరున సాగవలెను. వేగముగా పోవుట కాదు, ఆగకుండ పోవుట ప్రధానము. గేరు మార్చునప్పటి క్షణకాలపు విరామమే మెత్తనియిసుకలో బండిని నిలుపగలదు గాన, ముందుగనే తగిన గేరులో పడి దానితోనే దాటవలెను. ఆగవలసినప్పుడు గట్టిగా బ్రేకు నొక్కినచో చక్రముల ముందు ఇసుక గుట్టపడి, తిరిగి కదలుటకు అదియే గోడయగును. కాలు తీసి బండి దానంతటది నిలుచునట్లు చేయవలెను. వాలుగానున్నచోట మూతి పల్లమువైపునకుండ నిలిపినచో మరల కదలుట సులభము. మలుపులు విశాలముగ తిరుగవలెను. దిబ్బను ఎక్కవలసివచ్చినచో నిటారుగా నెక్కి నిటారుగా దిగవలెను. అడ్డముగ పోయిన బండి పొర్లును. ముందుపోయిన బండి జాడ యున్నచో దానిలోనే పోవుట మేలు. ఆ యిసుక అప్పటికే అణగియున్నది.

తడియిసుక గట్టిది. రేణువుల నడుమనున్న కొలదిపాటి నీరు వాని నొకదానితో నొకటి పట్టియుంచును. పిల్లలు ఒడ్డున కట్టు పిచ్చుకగూళ్లు నిలుచుట అందుచేతనే. కాని నీరు ఎక్కువై రేణువులు తేలుచున్నచోట ఈ పట్టు పోవును. అలల యంచున, త్రొక్కగా నీరూరు యిసుకలో నిలిపిన బండి చూచుచుండగనే దిగిపోవును. కావున పోటు తీసిన తరువాత, నీటియంచునకును పొడియిసుకకును నడుమనున్న గట్టి పట్టెయే బండికి బాట. మన తీరమున దినమునకు రెండు పోట్లు, రెండు పాట్లు. పోటునకును పాటునకును నడుమ ఆఱుగంటలు దాటి కొన్ని నిమిషములు. ఇవి ప్రతిదినము సుమారు 50 నిమిషములు ఆలస్యముగ వచ్చును. అమావాస్య, పౌర్ణముల ప్రాంతమున పోటు పెద్దది. సప్తమి, అష్టముల ప్రాంతమున చిన్నది. ఇంతయు పల్లెకారుల పిల్లవానికి నోటికి వచ్చును. మేము పంచాంగముంచుకొనియు పౌర్ణమినాడు, పోటువేళ బయలుదేఱితిమి! పాటు సగమగుటకు కొంచెము ముందుగ ఒడ్డున దిగి, పాటు ముగియులోపల పని చూచుకొనుట క్షేమము. అప్పుడు ఏదైన అవాంతరము వచ్చినను చేతిలో గంటలుండును.

బండి నిలిచిపోయినప్పుడు మొదటి పని కాలు తీయుట. చక్రము ఒక్కచుట్టు ఊరక తిరిగినచో చాలును, అది చెప్పవలసినది చెప్పినది. వచ్చిన జాడలోనే వెనుకకు మెల్లగా నడపి చూడవలెను. అనేకసార్లు అంతటితోనే పని తీరును. కానిచో దిగి, చక్రముల ముందును, ఇరుసుల క్రిందను ఇసుక తీసి, గాలి ఇంకను తగ్గించి, చక్రముల క్రింద బలమైన పలకలు గాని, కొబ్బరి, తాటి మట్టలు గాని వేయవలెను. బాగ్నాల్డు ఇనుపకమ్మెలకు మన మట్టలు తీసికట్టు గావు. జాకీ వేయవలసినచో దాని క్రింద వెడల్పైన పలక యుండవలెను, లేనిచో బండి లేచుటకు మాఱు జాకీ దిగును.

మోకుతో లాగించునప్పుడు మిక్కిలి జాగ్రత్త కావలెను. చట్రమునకు బిగించిన కొక్కెమునకే మోకు కట్టవలెను, బంపరునకు కట్టరాదు. బిగిసిన మోకు తెగినను, కొక్కెమూడినను అది తుపాకిగుండువలె వచ్చును. మోకు పొడవునకు ఒకటిన్నర రెట్ల దూరములోపల పిల్లలను, చూడవచ్చినవారిని నిలువనీయరాదు. ఆనాడు మా చుట్టును మూగిన పిల్లలను తలచుకొన్నచో నా కిప్పటికిని గుండె జల్లుమనును.

ఒడ్డునుండి వచ్చిన బండిని ఆనాడే మంచినీటితో, ముఖ్యముగ అడుగుభాగమును, కడుగవలెను. ఉప్పు పెట్టు తుప్పు పైకి కనబడునప్పటికి లోపల పని ముగించియుండును.

ఇంకొక సంగతి. జనవరి మొదలు మార్చి వఱకు మన తీరమున ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రివేళల ఒడ్డెక్కి పొడియిసుకలో గ్రుడ్లు పెట్టును. పోటుగీటుకు పైనున్న మెత్తనియిసుకయే వాని పురిటిల్లు. చక్రము క్రింద గ్రుడ్లు నలుగుటయే గాక, లోతైన చక్రపుజాడలో పడిన పిల్లలు సముద్రమును చేరలేక చచ్చును. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచే ఈ తాబేళ్లు రక్షింపబడినవి. ఆ మాసములలో రాత్రివేళ బండిని ఒడ్డునకు దింపనేరాదు. పగలైనను అటవీశాఖవారి నడిగి దింపవలెను. దిబ్బలపై ప్రాకు తీగలను చక్రములతో త్రెంపినచో ఇసుక కదలి, తుదకు మన వేరుసెనగ చేలమీదికే వచ్చును. పల్లెకారుల వలలు ఆరియున్నచోటికి బండి పోరాదని వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆనాడు మనలను గట్టెక్కించినది వారే.

సమావేశమునకు నా సూచన యిది. గుబ్బటైర్ల తీర్మానమును విరమించి, ఇప్పటి టైర్లు రోడ్డునకు పనికివచ్చునంతకాలము వానినే యుంచవలెను. తరువాత కొనునప్పుడు నాలుగును ఒక్కసారి, ఒకే కొలతవి, మధ్యరకపు రేడియల్ టైర్లు కొనవలెను. అంతకుముందే ఒక గాలిపంపు, ఒక మీటరు, ఒక పార, రెండు గట్టిపలకలు, పదిబారల మంచిమోకు కొని బండిలోనే యుంచవలెను. వీని కన్నింటికి కలిపి ఒక్క క్రొత్తటైరు వెలయైనను కాదని విచారించి తెలిసికొంటిని. డ్రైవరు ఒక దినము సరకులేని బండితో, పాటువేళ, ఆ పెద్దాయనను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఒడ్డున అభ్యాసము చేయుటకు ఒప్పుకొన్నాడు. ఆయనకు కూలి యిచ్చెదమనగా వద్దని, తన వల మోసికొనిపోవుటకు ఒకసారి బండి పంపుడని అడిగినాడు. దీనికి కార్యవర్గపు అనుమతి కావలసియున్నది.